కొలత లేని కాలంలో బ్రౌన్ సెకార్డ్

టెస్టోస్టెరాన్ అనే మాట పుట్టకముందే దానికోసం సూది పొడుచుకున్న పెద్దాయన షార్ల్ ఎడ్వార్డ్ బ్రౌన్ సెకార్డ్. 1817లో మారిషస్‌లోని పోర్ట్ లూయీలో పుట్టాడు. తర్వాత మన తెలుగు కూలీలు ఓడ దిగింది కూడా ఆ రేవులోనే. నావికుడైన తండ్రి కొడుకు పుట్టకముందే పోతే, తల్లి కుట్టుపని చేసి పెంచింది. పారిస్‌లో వైద్యం చదివాడు. వెన్నుపాము ఒక పక్క సగం తెగితే ఏ వైపు ఏ స్పర్శ పోతుందో తేల్చాడు. ఆ లక్షణాలకు ఇప్పటికీ ఆయన పేరే. నా లెక్కలో అసలు ఘనత ఇదే.

జనానికి గుర్తుండిపోయింది మాత్రం 1889. అప్పటికి 72 ఏళ్లు. కుక్కల, గినీపందుల వృషణాల రసం తనకే ఎక్కించుకుని, బలం తిరిగొచ్చిందని పారిస్‌లో శాస్త్రవేత్తల ముందు చెప్పాడు. చేతి పట్టు కూడా కొలిచాడు పాపం! రసంలో హార్మోన్ ఎంతుందో కొలిచే సాధనమే అప్పుడు లేదు. అది నీళ్లలో సరిగా కరగదు, వృషణాల్లో నిల్వా ఉండదు. కాబట్టి ఆయనకెక్కింది దాదాపు సున్నా. మిగతాదంతా నమ్మకం. కొందరు నవ్వారు, ఇంకొందరు ఆ రసాన్నే అమ్ముకున్నారు.

ఇప్పుడైతే పొద్దున్నే గొట్టంలో కాస్త ఉమ్మితే చాలు. రక్తంలో ఈ హార్మోన్ చాలావరకు ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది. విడిగా తిరిగే కొద్దిపాటి భాగమే లాలాజలంలోకి దిగుతుంది, అదీ పికోగ్రాముల్లో. చిగుళ్లలోంచి రక్తం కలిసినా లెక్క తప్పుతుంది.

ఆయన 1894లో పోయాడు. ఎద్దు వృషణాల నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో టెస్టోస్టెరాన్‌ని వేరు చేసింది 1935లో.