మూసీ వరదే ఆయన కేస్ ఇంటర్వ్యూ

బీటెక్ చేశారు. కోడింగ్ వచ్చు, లెక్కలంటే భయం లేదు. కన్సల్టింగ్ కంపెనీ షార్ట్‌లిస్టులో పేరు కూడా వచ్చింది. తీరా ఇంటర్వ్యూలో కూర్చున్నాక, ఫలానా ఆస్పత్రికి రోగులు పెరుగుతున్నా లాభం ఎందుకు తగ్గుతోందని అడిగేసరికి నోరు పెగలదు. ఇవన్నీ ఎంబీఏ వాళ్లకేలే అనిపిస్తుంది. ఒక్కసారి మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితం చూడండి. ఇంజినీర్స్ డే రోజు మీరు స్టేటస్‌లో పెట్టుకునే ఫొటో ఆయనదే.

పూర్వీకులది మన మోక్షగుండం, పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్లి. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెబుతూ డిగ్రీ పూర్తిచేశారు. పుణెలో ఇంజినీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు. ఖడక్‌వాస్లా డ్యామ్‌కు ఆటోమేటిక్ గేట్లు పెట్టి పేరు తెచ్చుకున్నారు. అంటే మీలాగే పక్కా టెక్నికల్ మనిషి.

1908లో ఆ ఉద్యోగం వదిలి విదేశాలు తిరుగుతున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం నుంచి ఆయనకు పిలుపొచ్చింది. హోదా ఏమిటో తెలుసా? స్పెషల్ కన్సల్టింగ్ ఇంజినీర్.

1909 ఏప్రిల్‌లో నగరానికి వచ్చారు. అప్పగించిన పనులు మూడు: దెబ్బతిన్న నగరాన్ని మళ్లీ నిలబెట్టడానికి సలహా, ఇలాంటి వరద మళ్లీ రాకుండా ఉపాయం, మురుగునీటి పథకం. ఇంటర్వ్యూలో మనం తడబడేది సరిగ్గా ఇక్కడే. అడిగిందేమిటో తేల్చుకోకుండానే తెలిసిన ఫార్ములా అందుకుంటాం. లాభం అంటే ఏ లాభం, ఎప్పటి నుంచి తగ్గుతోంది, ఒక్క బ్రాంచిలోనా అన్నింటిలోనా? ముందు ఇవి అడగండి. అడిగితే మార్కులు పోవు, పైగా కలుస్తాయి.

వరదకు విరుగుడు అనగానే సివిల్ ఇంజినీరుకు మొదట తోచేది నగరంలో నదికి రెండువైపులా ఎత్తైన గోడలు. ఆయన అక్కడితో ఆగలేదు. ఇంత నీరు అసలు ఎక్కడి నుంచి వచ్చిందని పైకి వెళ్లి చూశారు. వర్షపాతం లెక్కలు తెప్పించారు. పక్క రాష్ట్రాల వివరాలూ తీశారు. మూసీ పరీవాహకంలో వందల చెరువులు ఉన్నాయి. వాటిలో 200కు పైగా తెగి ఆ నీరంతా ఒక్కసారిగా ఊరి మీద పడింది. జబ్బు నగరంలో కనిపించినా దాని మూలం నగరం పైన ఉందన్నమాట. అందుకే మూసీ, ఈసీ నదులపై ఎగువన రెండు జలాశయాలు కట్టాలని ఆ ఏడాదే నివేదిక ఇచ్చారు.

ఆస్పత్రి కేసునూ ఇలాగే విడదీయండి. లాభాన్ని ఆదాయం, ఖర్చుగా చీల్చండి. ఆదాయాన్ని రోగుల సంఖ్య, ఒక్కొక్కరి బిల్లుగా, ఖర్చును స్థిరమైనది, రోగులను బట్టి మారేదిగా చీల్చండి. రోగులు పెరిగారన్నారు కాబట్టి సగటు బిల్లు తగ్గిందేమో ముందు చూడాలి. ఓపీ పెరిగి ఆపరేషన్లు తగ్గితే జరిగేది అదే. డీబగ్గింగ్‌లో మీరు రోజూ చేసే పనే ఇది, కాకపోతే ఇక్కడ పైకి మాట్లాడుతూ చేయాలి. టెక్నికల్ వాళ్లలో చాలామంది మౌనంగా లెక్క వేసుకుని చివర్లో జవాబు మాత్రం చెబుతారు. ఎదుటివాళ్లకు కావాల్సింది ఆ మధ్యలో నడిచిన ఆలోచన. ఫ్రేమ్‌వర్కులు బట్టీపట్టే పుస్తకాల కన్నా, స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ ఓ అరగంట కేసు చేయడం మేలని నా అభిప్రాయం. లక్షలు, కోట్లు, శాతాలు కాల్క్యులేటర్ లేకుండా రావాలి. బ్రేక్ ఈవెన్ లాంటి నాలుగు మాటలు నేర్చుకోవడానికి వారం చాలు.

నివేదిక ఇచ్చిన కొద్ది వారాలకే ఆయన చీఫ్ ఇంజినీరుగా మైసూరు వెళ్లిపోయారు. 1912లో అక్కడే దివాన్ అయ్యారు. ఇక్కడ ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి తలపెట్టిన ఉస్మాన్‌సాగర్ నగరానికి తాగునీళ్లూ ఇచ్చింది. మనం గండిపేట అని పిలిచేది దాన్నే.

ఈ ఆదివారం అటు వెళితే కట్ట మీద కూర్చుని, ఆ చెరువు నీళ్లు మీ కాలనీకి ఎన్నాళ్లు వస్తాయో అంచనా వేయండి. పొడవు, వెడల్పు, లోతు మీరే ఊహించుకోండి. ఎందుకలా ఊహించారో పక్కనున్న ఫ్రెండ్‌కు వివరించండి.