54 లక్షల తుపాకులు, ఒక్క పైస రాయల్టీ లేదు

ఎం1 గ్యారండ్ అని ఒక తుపాకి ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధంల అమెరికా సిపాయి భుజానికేసుకున్నది ఇదే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారి ఒక్క గుండు పేలుతది, కాలిన కేసు బయటికెగిరి ఇంకో గుండు దానంతటదే లోపలికొస్తది. ప్రతిసారి చేత్తోని బోల్టు గుంజే పని లేదు. దీన్నే సెమీ ఆటోమేటిక్ అంటరు. మిలిటరీ వాడి పక్కకు పెట్టిన ఈ తుపాకులను అమెరికాల మామూలు జనం ఇయ్యాల్టికీ కొంటున్నరు. కొనేటోళ్లకు తుపాకి పేరు తెలుసు. ఆ పేరున్న మనిషి ఒక మిల్లుల చీపురు పట్టిన పోరడని ఎంతమందికి తెలుసో!

జాన్ గ్యారండ్ 1888 జనవరి 1న కెనడాల, క్విబెక్ రాష్ట్రంల సెయింట్ రెమి ఊరి దగ్గర రైతు ఇంట్ల పుట్టిండు. పన్నెండు మంది పిల్లలు. తల్లి సచ్చిపోయినంక తండ్రి పిల్లలను ఏసుకొని అమెరికాల కనెక్టికట్‌కు వలసొచ్చిండు. ఇంట్ల మాట ఫ్రెంచి. పోరడు బట్టల మిల్లుల నేల ఊడ్చే పనికి కుదిరిండు. ఇంగ్లీషు నేర్చుకున్నది ఆడనే. ఖాళీ దొరికితే మిషన్ల కాడికి పోయి నిలబడేటోడు. అట్లనే మెషినిస్టు అయిండు. పెద్ద చదువు లేదు, పట్టా లేదు. ఆ తర్వాత ప్రావిడెన్స్ పట్నంల పనిముట్లు తయారుచేసే కంపెనీల చేరిండు.

1917ల అమెరికా యుద్ధంల దిగినప్పుడు తేలికపాటి మెషిన్ గన్ డిజైన్ ఒకటి గీసి పంపిండు. సర్కారుకు నచ్చి వాషింగ్టన్‌కు పిలిచి పని ఇచ్చింది. గన్ను తయారయ్యేసరికి యుద్ధమే అయిపోయింది. కని మనిషి పనితనం వాళ్ల కండ్లల్ల పడ్డది. 1919ల మసాచుసెట్స్‌ల ఉన్న సర్కారు ఆయుధ కర్మాగారం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీల పెట్టుకున్నరు. మరుసటేడు పౌరసత్వం వచ్చింది.

ఇగ ఆడికెళ్లి పదిహేడేండ్ల గోస. ఆయన మొదలు చేసిన తుపాకి గుండు వెనుకుండే ప్రైమర్ దెబ్బతోని నడిచేది. మిలిటరోళ్లు గుండునే మార్చిన్రు, డిజైన్ పనికిరాకుంట పోయింది. మల్ల మొదటికెళ్లి గ్యాస్‌తోని నడిచేది చేసిండు. అంతల చిన్న సైజు గుండుకు చెయ్యమన్నరు, చేసిండు. 1932ల సైన్యాధిపతి మెకార్థర్ చిన్న గుండు వద్దు, గోదాముల నిండున్న పాత పెద్ద గుండే వాడాలన్నడు. మల్ల మార్చిండు. పది గుండ్లు పట్టే తుపాకి ఎనిమిదికొచ్చింది. 1936ల దాన్నే మిలిటరీ ఖాయం చేసింది.

పోటీల ఇంకో జాన్ ఉండె, పెడర్సన్. పేరుమోసిన డిజైనర్. ఆయన సర్కారుతోని ముందే కాయితం రాయించుకున్నడు: ఇంత జీతం, తన తుపాకి గెలిస్తే ఒక్కోదానికి ఇంత రాయల్టీ. గెలిచింది గ్యారండ్ తుపాకి. గ్యారండ్ నెల జీతపు ఉద్యోగి, కాయితం గీయితం లేదు. 1936ల తన హక్కులన్ని సర్కారుకే రాసిచ్చిండు. 1950ల దాకా దగ్గరదగ్గర 54 లక్షల తుపాకులు తయారైనయి. మెడల్స్ ఇచ్చిన్రు. లక్ష డాలర్లు ఇయ్యాలని వాళ్ల కాంగ్రెస్‌ల బిల్లు పెట్టిన్రు, అది పాస్ కాలే. తుపాకులు తయారుచేసిన ప్రైవేటు కంపెనీలకు మాత్రం కాంట్రాక్టు పైసలు ముట్టినయి. వాటిల ఒకటి ఇంటర్నేషనల్ హార్వెస్టర్, ట్రాక్టర్ల కంపెనీ. మన దగ్గర మహీంద్రా ట్రాక్టర్లు మొదలైంది కూడా దాని పొత్తుతోనే.

నాకు తుపాకులంటే మోజు లేదు. గీ తుపాకి యూరప్‌ల, కొరియాల ఎంతమందిని మట్టిల కలిపిందో ఎవరు లెక్కబెట్టాలె? అయినా ఆయన పనితనాన్ని కాదనలేం. ట్రిగ్గర్ గార్డును కిందికి గుంజితే తుపాకి మూడు ముక్కలుగా ఊడొస్తది, పానా గూడ అక్కర్లే. బురదల, చీకట్ల సిపాయే ఇప్పి తుడుచుకోవాలని అట్ల చేసిండు. అందుకే ఎనభై ఏండ్ల పాత మాలు కొన్నోడు ఇయ్యాల ఇంట్ల బల్ల మీదేసి బాగుచేసుకోగలుగుతున్నడు.

ఆడ ఇవి అమ్మేది సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం అనే సంస్థ. పౌరసత్వం, షూటింగ్ క్లబ్బు సభ్యత్వం చూసి, పాత కేసులేమన్న ఉన్నయా అని ఆరా తీసినంకనే ఇస్తరు. (మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఉన్నది, లైసెన్స్ లేకుంట తుపాకి ఉంచుకుంటే జైలే.) తెలిసినోడు మొదలు బ్యారెల్ రెండు కొసలు ఎంత అరిగినయో గేజ్ పెట్టి చూస్తడు. యుద్ధకాలపు గుండ్ల ప్రైమర్ల ఉప్పు ఉంటది. పేల్చి అట్లనే ఇడిసిపెడితే యూరియా బస్తా పక్కన పెట్టిన ఇనుపముక్క లెక్క తుప్పు పడతది. అందుకని ఏడినీళ్లతోని కడిగి, ఆరబెట్టి, నూనె పెడతరు. కదిలే భాగాలకు నూనె ఆగది, గ్రీజు కావాలె. ఇప్పటి వేట గుండ్లు కొన్ని ఇండ్ల ఏస్తే గ్యాస్ ఒత్తిడి ఎక్కువై లోపలి ఆపరేటింగ్ రాడ్ వంగుతది. ఇగ గుండ్లు నింపేటప్పుడు ఆదమరిస్తే బోల్టు ఫట్‌మని ముందుకొచ్చి బొటనవేలు నలగ్గొడతది. ఆ దెబ్బకు గూడ ఆయన పేరే పెట్టిన్రు, గ్యారండ్ బొటనవేలని!

1953ల రిటైరైండు. ఆయన పనిచేసిన ఆర్మరీని 1968ల మూసిపెట్టిన్రు. 1974 ఫిబ్రవరి 16న అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌ల కన్నుమూసిండు.

కొన్నోడు తుపాకి ఎనుక భాగం మీది గ్రీజు తుడిస్తే చెక్కిన అక్షరాలు కనబడతయి. అమెరికా రైఫిల్ అని ఉంటది, గుండు సైజు ఉంటది, కంపెనీ పేరు, నంబరు ఉంటయి. గ్యారండ్ పేరు ఉండది.