శస్త్ర పరికరాల గురువు అబుల్ ఖాసిం జహ్రావీ (రహ్మ)

విజయవాడ సూర్యారావుపేటలోని ఏ పెద్ద ఆసుపత్రి ఆపరేషన్ గదిలోనైనా కత్తులు, పట్టకార్లు, కొక్కేలు, సూదులు పేర్చిన పళ్లెం ఒకటి ఉంటుంది. ఇలాంటి సుమారు 200 పరికరాలను వెయ్యేళ్ల క్రితమే బొమ్మలు గీసి వివరించిన మహనీయులు అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ అజ్జహ్రావీ (రహ్మ).

ఉందులుస్ అంటే నేటి స్పెయిన్‌లో, ఖుర్తుబా నగరం పక్కన ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936లో మదీనతుజ్జహ్రా నిర్మాణం ప్రారంభించారు. ఆ ఊరి పేరే మన వైద్యుని పేరులో చేరింది. దాదాపు 50 సంవత్సరాల అనుభవసారాన్ని ఆయన 30 భాగాల 'కితాబుత్తస్రీఫ్'గా రచించారు. చివరి భాగమంతా జరాహత్, అంటే శస్త్రచికిత్స.

ఆయన దృష్టి ఎంత సూక్ష్మమైనదో చూడండి. వాతలు పెట్టడానికి బంగారం మేలని ఆ కాలపు వైద్యులు తలచేవారు. ఆయన ఇనుమునే ఎన్నుకున్నారు. బంగారం ఎంత కాలిందో రంగును బట్టి తెలియదు, మరీ కాలితే కరిగిపోతుంది. కదిలే పళ్లను కట్టడానికి మాత్రం బంగారు తీగ మేలన్నారు. ఎందుకంటే వెండి కొద్ది రోజులకే చిలుము పడుతుంది. పుండు కోసేటప్పుడు రోగి భయపడకూడదని, కత్తి కనిపించకుండా దాగి ఉండే పరికరాన్ని కూడా తయారుచేశారు.

ఒకసారి ఒక బానిస బాలిక కత్తితో తన గొంతు కోసుకుంది. గాయం నుండి గాలి బయటికి వస్తోంది. పెద్ద రక్తనాళం తెగలేదని గ్రహించి ఆయన గాయాన్ని కుట్టారు. అల్లాహ్ దయతో ఆమె కోలుకుంది. గొంతు మాత్రం కొంచెం బొంగురుపోయింది.

కొందరు వక్తలు ఆయనకు సూక్ష్మక్రిముల సంగతి కూడా తెలుసని అంటుంటారు. ఇది మాకు సమ్మతం కాదు. ఎర్రగా కాలిన ఇనుము క్రిములను చంపుతుంది, నిజమే. కాని ఆ కారణం తెలిసింది 19వ శతాబ్దంలో. లిస్టర్ అనే బ్రిటిష్ వైద్యుడు 1865లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుద్ధి చేయడం మొదలుపెట్టాడు. లేని గొప్పను అంటగట్టకపోయినా జహ్రావీ (రహ్మ) గొప్పతనానికి లోటేమీ లేదు.

నేడు పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 లేక 134 డిగ్రీల ఆవిరిలో ఉంచుతారు. అయితే కత్తెర కీలులో రక్తం ఎండిపోయి ఉంటే ఆవిరి లోపలికి చేరదు. గోళ్లలో పిండి ఎండి ఉంటే నీరు చేరక వుజూ కానట్టే అనుకోండి. అందుకే వాడిన వెంటనే, తడి ఆరకముందే, కీలు తెరచి, నీళ్లలో ముంచి, మెత్తని బ్రష్‌తో కడగాలి. మూసి ఉన్న కత్తెరను పైపైన కడిగి యంత్రంలో పడేస్తే ఆ యంత్రం ఎంత ఖరీదైనదైనా ఫలితం ఉండదు. ఆసుపత్రుల్లో ఈ పని చేసే మన సోదర సోదరీమణులు ఎందరో ఉన్నారు. వారిది చిన్న పని కాదు, రోగి ప్రాణం వారి చేతిలోనూ ఉంది.

జహ్రావీ (రహ్మ) హిజ్రీ 400 తరువాత పరమపదించారు. 12వ శతాబ్దంలో గెరార్డ్ అనే పండితుడు తులైతులా నగరంలో జరాహత్ భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. యూరప్ వైద్యులు కొన్ని శతాబ్దాలపాటు దాన్ని చదివారు. 1908లో అది మన లక్నోలోనూ అరబీలో అచ్చయింది.