దిక్కులేని తల్లుల పుట్టినిల్లు: సావిత్రీబాయి ఫూలే

కాన్పు స్త్రీకి పునర్జన్మ యని మన పెద్దలు చెప్పుదురు. అందుచేతనే తొలిచూలు ఆడుబిడ్డను పుట్టినింటివారు పిలుచుకొని వచ్చి, కన్నతల్లి చేతిక్రింద పురుడు పోయించి, చంటిబిడ్డతో అత్తవారింటికి సాగనంపుట మన యాచారమైనది. కలిమిగల దానికైనను లేనిదానికైనను ఆ సమయమున కావలసినవి మూడే: తలదాచుకొనుటకు ఒక చోటు, చేయి పట్టుకొనుటకు ఒక ఆడుదిక్కు, పుట్టిన బిడ్డను ఆదరముతో ఎత్తుకొనువారు. ఈ మూడును కఱవైన స్త్రీలు 160 సంవత్సరముల క్రిందట మన దేశమున ఎందఱో యుండిరి. అట్టివారికొఱకు తన యింటినే పుట్టినింటిగా చేసిన యిల్లాలు సావిత్రీబాయి ఫూలే. ఆడపిల్లలకు బడి చెప్పిన ఉపాధ్యాయినిగా ఆమె పేరు వినని చదువరులు అరుదు. ఆమె నడపిన ప్రసూతి గృహము సంగతి ఎఱిగినవారు మాత్రము తక్కువ.

సావిత్రీబాయి 1831వ సంవత్సరము జనవరి 3వ తేదీన మహారాష్ట్ర దేశమున సాతారా ప్రాంతమందలి నాయగావ్ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఖండోజీ నేవసే పాటిల్. పూలు, కాయగూరలు పండించు మాలీ కులమువారు. 1840లో, తన 9వ యేట, ఆమెకు పూనా నగరవాసియగు జ్యోతిరావు ఫూలేతో వివాహమయ్యెను. వరునికి అప్పటికి 13 ఏండ్లు. జ్యోతిరావు పసితనముననే తల్లిని కోల్పోగా, బాలవితంతువైన సగుణాబాయి యను దగ్గరి బంధువు ఆయనను పెంచి పెద్దవానిని చేసెను. వితంతువు చేతి అన్నము తిని పెరిగినవాడు కావున వితంతువుల దుఃఖము ఆయనకు వినికిడి మాట కాదు.

అత్తవారింట అడుగుపెట్టునాటికి సావిత్రీబాయికి చదువు లేదు. భర్తయే ఆమెకు గురువై అక్షరములు దిద్దించెను. 1848లో ఆ దంపతులు పూనాలోని భిడేవాడా యను ఇంట ఆడపిల్లల కొఱకు బడి తెఱచిరి. సావిత్రీబాయి అందు ఉపాధ్యాయిని. ఆడుది బడికి పోవుటయే వింతయైన ఆ దినములలో, వీథిలో నడచిపోవుచున్న ఆమెపై కొందఱు బురదయు పేడయు విసరుచుండిరి. ఆమె మాఱు మాటాడక, సంచిలో ఇంకొక చీర పెట్టుకొని పోయి, బడికి చేరిన పిమ్మట మైలచీర మార్చుకొని పాఠము చెప్పుచుండెను. లోకులకు వెఱచిన మామగారు కొడుకునకు రెండే దారులు చూపెను: బడి మానుట, లేదా ఇల్లు విడుచుట. 1849లో ఆ దంపతులు కట్టుబట్టలతో ఇల్లు విడిచిరే కాని బడి విడువలేదు. 1851 నాటికి పూనాలో వారి బాలికా పాఠశాలలు 3 అయినవి.

ఆ కాలమున అగ్రవర్ణములలో బాల్యవివాహములు మెండు. పసిబాలికను నడివయసు వరునికిచ్చుటయు కలదు. భర్త మరణించినచో ఆ బాలికకు మరల పెండ్లి లేదు. తల గొఱిగించి, ముతకచీర కట్టించి, ఒంటిపూట అన్నము పెట్టి, ఇంటి చాకిరి యంతయు ఆమెచేత చేయించుచుండిరి. 1856లో ప్రభుత్వము వితంతు వివాహమునకు చట్టసమ్మతి నొసగెను గాని ఆ చట్టమును గడప దాటి లోనికి రానిచ్చిన ఇండ్లు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. అట్టి నిస్సహాయురాలిని ఇంటిలోని మగవాడో ఇరుగుపొరుగు పెద్దమనిషియో మోసగించినచో, గర్భము నిలిచిన పిమ్మట వాడు తప్పుకొనును. నింద యంతయు ఆమె తలపై పడును. అప్పుడామెకు కనిపించు దారులు మూడు: గర్భము పోవుటకు మందు మ్రింగుట, పుట్టిన బిడ్డను తన చేతులతోనే చంపుట, లేదా తానే నూతిలో దూకుట.

1863లో పూనాలో జరిగిన ఒక ఘోరము ఆ దంపతుల మనస్సును కలచివైచెను. సదాశివ బల్లాళ గోవండే జ్యోతిరావునకు ఆప్తమిత్రుడు. ఆయన యింట కాశీబాయి యను బ్రాహ్మణ వితంతువు వంటపని చేసికొని బ్రదుకుచుండెను. పొరుగుననున్న శాస్త్రి యొకడు ఆమెను లోబఱచుకొని, గర్భవతి యైన పిమ్మట చేయి విడిచెను. మందులు మ్రింగినను గర్భము పోలేదు. మగబిడ్డ పుట్టెను. లోకనిందకు జడిసి ఆ తల్లి బిడ్డను చంపి నూతిలో పడవైచెను. శవము బయటపడగా న్యాయస్థానము ఆమెకు యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించెను. తప్పునకు ఇద్దఱు కర్తలు. అండమాను శిక్ష ఆమె యొక్కతెకే దక్కెను.

ఊరివారు ఆమెను తిట్టి మఱచిరి. ఫూలే దంపతులు మాత్రము వేఱొక ప్రశ్న వేసికొనిరి. ఆ రాత్రి ఆమె తలుపు తట్టుటకు ఈ నగరమున ఒక్క ఇల్లైనను ఉండియున్నచో ఆ బిడ్డ బ్రదికియుండెడివాడు కాదా? ఆ తల్లి అండమానునకు పోవలసి వచ్చెడిదా? విచారణ ముగిసిన వెంటనే తమ యింటి ఆవరణలోనే వారొక ఆశ్రయమును తెఱచిరి. దానికి బాలహత్యా ప్రతిబంధక గృహమని పేరు. ప్రకటనలు అచ్చు వేయించి, బ్రాహ్మణులు నివసించు వీథుల మలుపులలో గోడలపై అంటించిరి. గర్భవతులైన వితంతువులు ఇచ్చటికి వచ్చి గుట్టుగా, క్షేమముగా ప్రసవింపవచ్చుననియు, బిడ్డను తీసికొనిపోవుటయో విడిచిపోవుటయో తల్లి యిష్టమనియు, విడిచిన బిడ్డలను గృహమే పెంచుననియు ఆ ప్రకటనల తాత్పర్యము. ఒక శూద్రకుటుంబము తమ వీథులలో ఇట్టి కాగితములు అంటించుట చూచి కోపించినవారు కొందఱు. చీకటి పడిన పిమ్మట ఆ యింటి త్రోవ పట్టినవారు మఱికొందఱు.

ఆ గృహమునకు వెనుక ధనికుల విరాళములు పెద్దగా లేవు. జ్యోతిరావు గుత్తపనులు చేసియు, తోట పండించియు ఆర్జించిన ధనమే దానికి ఆధారము. ధనము ఆయనది, చాకిరి సావిత్రీబాయిది. వచ్చిన స్త్రీకి స్నానమునకు నీళ్ళు కాచుట మొదలు పురిటిమంచము కడ మేలుకొనియుండుట వరకు, పత్యము వండుట మొదలు పసికందును నిదురపుచ్చుట వరకు ఇల్లాలి చేతిమీదుగానే జరుగవలెను. పుట్టినింట తల్లి బిడ్డకు చేయు పనులే ఇవి. కాని పుట్టినింట తల్లికి దిష్టి తీయువారు, పాట పాడువారు, పొగడువారు ఉందురు. ఇచ్చట వచ్చిన స్త్రీ పేరు బయటికి పొక్కరాదు. చేసిన మేలు చెప్పుకొనరాదు. రహస్యమును కాపాడుటయే ఆ గృహమునకు పునాది. ఎవరి భార్యవు, ఎవరివలన ఇట్లయితివి యని అడిగినచో రెండవ స్త్రీ ఆ తలుపు తట్టదు.

1884లో బాల్యవివాహములను గూర్చియు, బలవంతపు వైధవ్యమును గూర్చియు ప్రభుత్వమునకు పంపిన అభిప్రాయమునందు జ్యోతిరావు ఈ గృహము లెక్కను వెల్లడించెను. అప్పటివరకు 35 మంది వితంతువులు అచ్చట ప్రసవించిరి. పుట్టిన బిడ్డలలో బ్రదికియున్నవారు 5 గురు. తక్కిన 30 మందియు మరణించిరి. గర్భమును దాచుటకై తల్లుల కిచ్చిన విషపు మందులు కడుపులోని బిడ్డలను ముందే దెబ్బతీసెనని ఆయన వ్రాసెను.

ఈ లెక్కను చదువువారు ఇచ్చట ఒక క్షణము ఆగవలెను. ధర్మకార్యము చేయువారు సామాన్యముగా ఫలించినదానినే చెప్పుకొందురు. జ్యోతిరావు ఫలింపని దానిని గూడ దాచలేదు. ఆ 35 మంది స్త్రీలకు కాశీబాయి గతి పట్టకుండ కాపాడగలిగిరి. బిడ్డలలో పెక్కుమందిని కాపాడలేకపోయిరి. కారణము సేవలో లోపము కాదు. ఆ స్త్రీలు తలుపు తట్టుటకు ముందే సిగ్గును భయమును వారిచేత మందు మ్రింగించినవి. ఆశ్రయమున్నదన్న వార్త ఒక నెల ముందు చేరియున్నచో ఎందఱు బ్రదికియుందురో! ఇల్లు కట్టిన చాలదు. ఆ యిల్లున్నదని కడుపుతోనున్న స్త్రీకి వేళకు తెలియవలెను. గోడమీది ప్రకటన చదువుటకు ఆమెకు అక్షరము రావలెను. 1848లో పెట్టిన బడికిని 1863లో తెఱచిన ప్రసూతి గృహమునకును గల సంబంధమిదియే. ఒకటి త్రోవ చూపునది, రెండవది గమ్యము.

సావిత్రీబాయికి సంతానము కలుగలేదు. 1874లో ఆ గృహమున ఒక బ్రాహ్మణ వితంతువు మగబిడ్డను ప్రసవించెను. దంపతులు ఆ బిడ్డను దత్తత చేసికొని యశవంతుడని పేరు పెట్టిరి. లోకము పాపఫలమన్న శిశువును ఒడిలో వేసికొని తన వంశాంకురమని చెప్పుట ఎన్ని ఉపన్యాసములకును సాటిరాని కార్యము. 1887లో వ్రాసిన మరణశాసనమునందు జ్యోతిరావు ఆ కుమారునే తన వారసునిగా నిలిపెను. బాలుడు పెరిగి వైద్యవిద్య నభ్యసించి డాక్టరయ్యెను. 1889లో పురోహితుడు లేకుండ, సత్యశోధక సమాజ పద్ధతిని, అతనికి వివాహము చేసిరి.

ఇట్టి దీక్ష తెలుగుదేశమునకు తెలియనిది కాదు. 1881లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు ఆయన సతి రాజ్యలక్ష్మమ్మయు ఇట్టి పరీక్షకే నిలిచెను. వంటవారును నీళ్ళు మోయువారును ఆ యింటి గడప త్రొక్కుట మానగా ఆమెయే నీళ్ళు తెచ్చి వండి వడ్డించెను. ఆమెకును కడుపు పండలేదు. ఆశ్రయము కోరి వచ్చిన వితంతు బాలికలే బిడ్డలైరి. సంస్కర్త వేదికపై మాటాడును. ఆ మాట నిలుచుట యింటిలోని పొయ్యికడ కూర్చున్న యామె ఓర్పుపై ఆధారపడియుండును. ఆ ఇద్దఱు ఇల్లాండ్రను తలచినప్పుడు ఈ సంగతి తేటపడును.

1890 నవంబరు 28న జ్యోతిరావు మరణించెను. అంతిమయాత్రలో నిప్పుకుండ పట్టుకొని నడచు హక్కు దత్తపుత్రునకు లేదని జ్ఞాతులు అడ్డుపడగా, సావిత్రీబాయి తానే ఆ కుండ పట్టుకొని ముందు నడచెనని చెప్పుదురు. స్త్రీ శ్మశానయాత్రలో నడచుటయే కూడదన్న కాలమది. ఆ పిమ్మట సత్యశోధక సమాజ భారమును ఆమె వహించెను. 1893లో సాస్వడ్‌లో జరిగిన సమాజ సభకు ఆమె అధ్యక్షురాలు.

1896 చివర బొంబాయి నుండి ప్లేగు మహమ్మారి పూనాకు ప్రాకెను. రోగి సోకిన ఇంటివైపు ఇరుగుపొరుగువారు చూడని దినములవి. అప్పటికి సావిత్రీబాయికి 66 ఏండ్లు. సైన్యమున వైద్యుడుగా నున్న యశవంతుని పిలిపించి, ఊరి వెలుపల హడప్సర్ వైపున రోగుల కొఱకు చికిత్సాశాల పెట్టించి, రోగులను తానే తెచ్చి చేర్చుచుండెను. ముంఢ్వా గ్రామపు దళితవాడలో పాండురంగ్ గైక్వాడ్ అను బాలునకు ప్లేగు సోకెనని విని, వానిని వీపుపై మోసికొని చికిత్సాశాలకు చేర్చెను. బాలుడు బ్రదికెను. ఆ రోగము ఆమెకు సోకెను. 1897 మార్చి 10వ తేదీ రాత్రి ఆమె కన్ను మూసెను.

ఈ జీవితమున ఒక వరుస కలదు. పుట్టుటకే అర్హుడు కాడని లోకమన్న బిడ్డను ఆమె కాపాడెను. ఆ బిడ్డ వైద్యుడై, ముట్టరాదని లోకమన్న రోగులకు మందిచ్చెను. అచ్చటికి చేర్చిన ఇంకొకరి బిడ్డ బ్రదికెను. 1863లో తెఱచిన తలుపు ఆ విధముగా 1897లోను తెఱచియే యుండెను.

పూనా నేడు పుణె యని పిలువబడుచున్నది. 2014లో అచ్చటి విశ్వవిద్యాలయమునకు సావిత్రీబాయి పేరు పెట్టిరి. నేడు పల్లెలలో ఆరోగ్య కేంద్రములు, అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు కలరు. అయినను మోసపోయిన ఆడుబిడ్డ తన కడుపును కన్నతల్లి కడ సైతము దాచుట, తెలిసీ తెలియనివారి మందు మ్రింగుట నశింపలేదు. మన వీథిలో అట్టి బిడ్డ యున్నచో ఆమె మొదట ఎవరి తలుపు తట్టును? ఆ తలుపు తెఱచినవారు మొదట ఏమి అడుగుదురు? ఆ యింటివారు పేరు, కారణము అడుగక, అన్నము తింటివా యని అడిగినచో, సావిత్రీబాయి పెట్టిన గృహము మన యూర గూడ ఉన్నట్లే.