బోధనకై చదివి ఆస్పత్రికి వెళ్లిన ఆచార్యుడు

ఆల్బర్ట్ ష్వైట్జర్ అనగానే ఆఫ్రికా అడవిలో ఆస్పత్రి కట్టిన డాక్టరుగారే మనకు గుర్తుకు వస్తారు. 1952వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి ఆయనకు ఆ సేవకే లభించింది. కాని ముప్పయ్యేళ్ల వయసు దాకా ఆయన వైద్యం చదవనే లేదు. ఆయన ఏళ్ల తరబడి శ్రమించింది విశ్వవిద్యాలయంలో క్రైస్తవ దైవశాస్త్రం బోధించే అర్హత కోసం.

ష్వైట్జర్ 1875 జనవరి 14న అల్సాస్ ప్రాంతంలోని కైజర్స్‌బర్గ్‌లో జన్మించారు. అప్పుడది జర్మనీ ఏలుబడిలో ఉండేది. తండ్రి పాస్టరు. 1893లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి దైవశాస్త్రాన్నీ తత్వశాస్త్రాన్నీ ఒకేసారి చేపట్టారు. హీబ్రూ ప్రాథమిక పరీక్ష అతికష్టం మీద గట్టెక్కారు. అది మనసులో పెట్టుకుని తర్వాత ఆ భాషను పట్టుదలతో మళ్లీ నేర్చుకున్నారు.

1894లో ఏడాది సైనిక శిక్షణకు వెళ్లవలసి వచ్చింది. ఉపకారవేతనం పరీక్ష దగ్గరపడటంతో వీపు సంచిలో గ్రీకు కొత్త నిబంధన మోసుకుపోయారు. విరామం దొరికిన ఒకనాడు మత్తయి సువార్త పదో, పదకొండో అధ్యాయాలు చదువుతుండగా, గురువు హోల్ట్స్‌మన్ వ్యాఖ్యానం అక్కడ పొసగడం లేదని తోచింది. దేవుని రాజ్యం అతి త్వరలో రానున్నదని యేసు నిజంగానే ఎదురుచూశాడని ఆయనకు అనిపించింది. పరీక్షలో గురువుగారు, కుర్రవాడు సైన్యంలో ఉన్నాడు గదా అని తేలికగానే అడిగి పంపేశారు. ఆ సందేహం మాత్రం ష్వైట్జర్‌ను జీవితాంతం వదలలేదు.

ఇరవై ఒక్క ఏళ్లకే ఆయన ఒక నిశ్చయానికి వచ్చారు. ముప్పయ్యేళ్ల వరకు చదువుకూ సంగీతానికీ, ఆపైన జీవితమంతా మనుషుల సేవకూ అని.

1898లో ఆయనకు ఏటా 1200 మార్కుల గోల్ ఉపకారవేతనం ఆరేళ్లకు మంజూరైంది. గడువులోగా స్ట్రాస్‌బర్గ్‌లో లైసెన్షియేట్ పట్టా పొందాలి, లేకుంటే సొమ్మంతా తిరిగి కట్టాలి. శిక్షణకు వెళుతూ బాండు రాసిచ్చిన మనవాళ్లకు ఈ షరతు కొత్తేమీ కాదు. కాంట్ మత తత్వంపై 1899లో డాక్టరేటు పుచ్చుకుని, 1900లోనే లైసెన్షియేట్ కూడా ముగించారు. అంత తొందర దేనికంటే, తన తర్వాత ఆ వేతనం ఒక తెలివైన పేద సహాధ్యాయికి అందాలని. తీరా ఆయన దాన్ని వినియోగించుకోనే లేదు! ఇది ముందే తెలిసివుంటే ష్వైట్జర్ మరికొన్నాళ్లు విదేశాల్లో చదువుకునేవారు.

తత్వశాస్త్రంలో అధ్యాపకుడివి కమ్మని ఆచార్య త్సీగ్లర్ సలహా ఇచ్చారు. తత్వం బోధించేవాడు చర్చిలో ప్రసంగించడం అక్కడివారికి రుచించదని గ్రహించి ష్వైట్జర్ దైవశాస్త్రాన్నే ఎంచుకున్నారు. అక్కడా ఆటంకం ఎదురైంది. ఈయన పద్ధతి విద్యార్థులను తికమకపెడుతుందని ఇద్దరు ఆచార్యులు అభ్యంతరం చెప్పారు. శిష్యుడు తనతో విభేదించాడని తెలిసీ ఆయన పక్షాన నిలిచి నెగ్గించినవారు హోల్ట్స్‌మన్. ఆ వృద్ధ గురువుకు మనం నమస్కరించాలి. అలా 1902లో ష్వైట్జర్ బోధన ఆరంభమైంది.

యేసు జీవితంపై వచ్చిన రచనలన్నింటినీ పరిశీలించే బృహత్ గ్రంథం కోసం గదినిండా పుస్తకాలు కుప్పలు పోశారు. ఒక్కో కుప్ప ఒక్కో అధ్యాయం. చూడవచ్చినవారు వాటి నడుమ సందుల్లో నడవాల్సిందే. 1906లో వెలువడిన ఆ గ్రంథం దైవశాస్త్ర విద్యార్థులకు నేటికీ పాఠ్యమే.

అప్పటికే, 1905 అక్టోబరులో, వైద్యం చదువుతానని ఆప్తులకు ఉత్తరాలు రాసేశారు. పండిన విద్య మట్టిపాలవుతుందని వారు వాదించారు. అధ్యాపకుడు విద్యార్థిగా నమోదు కావడం నిబంధనలకు విరుద్ధం గనుక, తరగతులకు హాజరైనట్లు ఆచార్యులిచ్చిన ధ్రువపత్రాలపై పరీక్షలకు ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు.

1912లో బోధన మానేశారు. పారిస్ మిషనరీ సంఘానికి ఆయన దైవశాస్త్రమే అడ్డయింది. ప్రసంగించను, వైద్యం మాత్రమే చేస్తానని మాట ఇచ్చాకే వెళ్లనిచ్చారు. 1913లో భార్య హెలెన్‌తో గాబన్‌లోని లాంబరేనే చేరారు. అక్కడి మిషనరీలు మాత్రం కొంతకాలానికి ఆయనను తామే ప్రసంగించమన్నారు.

ఆఫ్రికన్లను చిన్నపిల్లల్లా చూశారన్న విమర్శ ఆయనపై ఉంది, అది నిరాధారం కాదు. 1935లో భారతీయ చింతనపై రాసిన పుస్తకానికి మన రాధాకృష్ణన్‌గారు 1939లో గట్టి సమాధానమే ఇచ్చారు.

కొత్త నిబంధనను ఆయన వదలలేదు. సగంలో ఆగిన అపొస్తలుడైన పౌలు గ్రంథాన్ని 1930లో ప్రచురించారు. 1965 సెప్టెంబరు 4న లాంబరేనేలోనే కన్నుమూశారు.