పిఠాపురం సీతాదేవి... బరోడా పందెపు గుర్రాలు

► మద్రాసు గుర్రప్పందాల వద్ద పరిచయం, వివాదాల నడుమ వివాహం
► 1945 వేలంలో ఏడాది పిల్లకు 28 వేల గినీలు
► సంస్థానం పోయింది, నగలు చెదిరాయి... గుర్రాల వంశం నిలిచింది

రేణిగుంట: మద్రాసు నుంచి బొంబాయికి సాగే రైలు మార్గంపై రేణిగుంట జంక్షన్ ముఖ్యమైన కూడలి. స్వాతంత్ర్యానికి పూర్వం దక్షిణాది జమీందారులు, పశ్చిమాది సంస్థానాధీశులు మద్రాసు, బొంబాయి, పుణె పందేల కోసం రైళ్లలోనే రాకపోకలు సాగించేవారు. పందెపు గుర్రాల ప్రయాణమూ రైళ్లలోనే. ఈ మార్గానికి ఒక కొసన ఉన్న మద్రాసులో 1943లో గుర్రప్పందాల వద్ద ఏర్పడిన ఒక పరిచయం పిఠాపురం రాజకుమార్తె సీతాదేవి జీవితాన్ని మలుపు తిప్పింది. ఆమెను బరోడాకు, అటు నుంచి ఐరోపాకు చేర్చింది. ఆమె వజ్రాలు, ముత్యాల కథలు లోకమంతా ప్రచారమయ్యాయి. ఆ దంపతుల కాలంలోనే ఇంగ్లండు గుర్రాల వేలంలో బరోడా సంస్థానం నెలకొల్పిన రికార్డు మాత్రం అంతగా వెలుగులోకి రాలేదు.

పిఠాపురం నుంచి ఉయ్యూరుకు...

సీతాదేవి 1917 మే 12న మద్రాసులో జన్మించారు. తండ్రి పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పోషణలోనే వెలువడింది. విద్యాసంస్థలకు, సంఘ సంస్కరణకు విరివిగా విరాళాలిచ్చిన ప్రభువుగా ఆయనకు పేరుంది. తల్లి రాణి చిన్నమాంబ. సాహిత్య గోష్ఠులతో కళకళలాడిన ఇంట పెరిగిన సీతాదేవికి, ఆనాటి జమీందారీ కుటుంబాల ఆచారం ప్రకారం వంశం, హోదా చూసి ఉయ్యూరు జమీందారుతో వివాహం జరిపించారు. వారికి ముగ్గురు సంతానం.

మద్రాసు పందేల వద్ద ఆమెకు పరిచయమైన బరోడా మహారాజు ప్రతాప్‌సింగ్ గైక్వాడ్ 1939లో గద్దెనెక్కారు. అప్పటి ప్రపంచ సంపన్నుల్లో ఒకరిగా ఆయనను లెక్కించేవారు. ఆయనకు అప్పటికే భార్యాపిల్లలున్నారు. సీతాదేవికీ భర్త ఉన్నారు. నాటి హిందూ వివాహ ధర్మంలో విడాకులకు దారి లేదు. న్యాయవాదుల సలహాపై ఆమె ఇస్లాం స్వీకరించి తొలి వివాహ బంధం నుంచి విడుదల పొందారు. తదుపరి ఆర్యసమాజ విధానంలో తిరిగి హిందూమతంలోకి వచ్చి, 1943 డిసెంబరులో గైక్వాడ్‌ను వివాహమాడారు.

ఈ పెళ్లి పెను దుమారం లేపింది. బరోడాలో ద్విభార్యాత్వాన్ని నిషేధించే చట్టం అమల్లో ఉంది. ఆ చట్టం ప్రజలకే గానీ ప్రభువుకు వర్తించదని మహారాజు వాదించారు. బ్రిటిష్ ప్రభుత్వం వివాహాన్ని అంగీకరించినా, రాణులకిచ్చే రాజలాంఛన బిరుదును సీతాదేవికి నిరాకరించింది. 1945లో ఆమెకు కుమారుడు కలిగాడు. ప్రతాప్‌సింగ్ తాతగారు, సంస్కర్తగా పేరొందిన మూడవ శాయాజీరావు పేరునే అతనికి పెట్టారు. అదే ఏడాది ఆ పేరు మరొకరికీ దక్కింది. అది ఒక గుర్రప్పిల్ల.

పిల్లను కాదు... తండ్రిని చూసి

పశువుల సంతలో కోడెను కొనే రైతు పళ్లు, సుడి, నడక చూస్తాడు. ఆ తరువాత ఏ ఆబోతుకు పుట్టిందని అడుగుతాడు. ఇంగ్లండు గుర్రాల వేలంలో మొదటి ప్రశ్నే ఇది. అక్కడ అమ్మకానికి వచ్చేవి ఏడాది దాటిన పిల్లలు. వాటిపై ఎవరూ స్వారీ చేసి ఉండరు. అవి పందెంలో ఎలా పరుగెడతాయో చెప్పగల వారుండరు. వేలం పట్టికలో తల్లిదండ్రుల పేర్లు, కళ్లెదుట ఎముక పుష్టి, కాళ్ల తీరు, నడక... కొనుగోలుదారుకు ఆధారాలు ఇంతే.

తండ్రి కొత్తగా సంతానోత్పత్తికి వదిలిన విత్తనపు గుర్రమైతే సందేహం ఇంకా పెద్దది. గుర్రానికి గర్భధారణ కాలం 11 నెలలు. పుట్టిన పిల్ల రెండేళ్లకు పందెంలో దిగుతుంది. డెర్బీ వంటి పెద్ద పందేలు మూడేళ్ల వయసులో వస్తాయి. అంటే దాటించిన నాటి నుంచి ఆ తండ్రి సత్తా తేలేందుకు నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా జరిగే అమ్మకాలన్నీ ఆశ మీద జరిగేవే.

నియార్కో అనే గుర్రం ఇందుకు చక్కటి ఉదాహరణ. ఇటలీలో ఫెడెరికో టెసియో పెంచిన ఈ గుర్రం 14 పందేల్లో పాల్గొని 14 గెలిచింది. 1938లో దీనిని మార్టిన్ బెన్సన్ 60 వేల పౌండ్లకు కొని ఇంగ్లండులోని నూమార్కెట్‌కు తెచ్చారు. యుద్ధకాలంలో దాని రక్షణకు ప్రత్యేకంగా బాంబు షెల్టరు కట్టించారంటే ఆ పెట్టుబడి విలువ ఊహించవచ్చు. నియార్కోకు, రోజీ లెజెండ్ అనే ఆడగుర్రానికి 1942లో పుట్టిన డాంటే ఏడాది వయసులో వేలానికి వచ్చింది. పెంపకందారు సర్ ఎరిక్ ఓల్సన్ నిర్ణయించిన కనీస ధర 3,500 గినీలు. అంత పెట్టేవారు లేక పిల్ల ఇంటికి తిరిగొచ్చింది. 1945లో అదే డాంటే డెర్బీ గెలిచింది.

28 వేల గినీలు

డాంటే విజయం తరువాత కొద్ది నెలలకే దాని సొంత తమ్ముడు వేలానికి వచ్చింది. అదే తండ్రి, అదే తల్లి. బరోడా మహారాజు ప్రతినిధులు 28 వేల గినీలకు పాట ముగించారు. ఏడాది పిల్లకు ఐరోపాలో అప్పటి వరకు అంత ధర పలకలేదు. గినీ అంటే 21 షిల్లింగులు. ఆ లెక్కన 29,400 పౌండ్లు, నాటి మారకపు విలువలో రూ. 3.92 లక్షలు. రెండేళ్ల క్రితం అన్నకు 3,500 పెట్టేవారు లేని చోట తమ్ముడికి ఎనిమిది రెట్లు పలికింది. పిల్లకు శాయాజీరావు అని పేరు పెట్టి, శామ్ ఆర్మ్‌స్ట్రాంగ్ వద్ద శిక్షణకు ఉంచారు. నూమార్కెట్‌లోని వారెన్ ప్లేస్ అశ్వశాల కూడా బరోడా వశమైంది.

పెట్టిన సొమ్ము వృథా అయిందనిపించిన రోజులూ ఉన్నాయి. 1947లో మైలు దూరపు టూ థౌజండ్ గినీస్ పందెంలో శాయాజీరావు మూడో స్థానంతో సరిపెట్టుకుంది. మైలున్నర డెర్బీలోనూ మూడో స్థానమే. ఆ తరువాత ఐరిష్ డెర్బీ గెలిచింది. సెప్టెంబరులో సెయింట్ లెజర్‌లో ఆస్ట్రేలియా జాకీ ఎడ్గార్ బ్రిట్ స్వారీలో అర్బార్‌ను తల పొడవు తేడాతో ఓడించింది. మరుసటి ఏడాది బరోడా వారి మరో గుర్రం మై బాబు టూ థౌజండ్ గినీస్ నెగ్గింది. అప్పుడూ తల పొడవు తేడాయే. దేశం స్వాతంత్ర్యం పొందిన ఆ రెండేళ్లలో భారతీయ సంస్థానాధీశుని గుర్రాలు ఇంగ్లండు పందెపు మైదానాలలో వరుసగా విజయాలు సాధించాయి.

ఖజానా లెక్కలు

ఆ వైభవానికి సొమ్ము మాత్రం బరోడా నుంచి వెళ్లింది. యుద్ధానంతరం సీతాదేవి మొనాకోలో స్థిరపడ్డారు. దక్షిణ నక్షత్రంగా పేరొందిన బ్రెజిల్ వజ్రం, ఏడు పేటల ముత్యాల హారం వంటి బరోడా ఆభరణాలతో ఆమె ఛాయాచిత్రాలు పత్రికలకెక్కాయి. 1949లో సంస్థానం బొంబాయి రాష్ట్రంలో విలీనమైంది. ఆ ఏడాదే ప్రతాప్‌సింగ్ బరోడాలో విశ్వవిద్యాలయం నెలకొల్పి తాతగారి పేరు పెట్టారు. అదే ప్రభువు ఖజానా నుంచి చేసిన వాడకంపై ప్రభుత్వం లెక్కలు అడిగింది. 1951లో ఆయన హోదాను రద్దు చేసి కుమారుడు ఫతేసింగ్‌రావును గుర్తించింది. విశ్వవిద్యాలయానికి, గుర్రప్పిల్లకు ఒకే పేరు. మొదటిది బరోడా విద్యార్థులకు మిగిలింది. రెండోదానికైన ఖర్చు ఎవరి సొమ్మన్నది నాటి బరోడా పౌరుల ప్రశ్న.

1956లో సీతాదేవి, ప్రతాప్‌సింగ్ విడిపోయారు. అంతకు మునుపే, 1953లో, ఆమె పచ్చలు, వజ్రాలు పొదిగిన కాలి పట్టీలను నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్‌కు విక్రయించారు. ఆయన వాటిని కంఠహారంగా మార్చి విండ్సర్ డచెస్‌కు అమ్మారు. 1957లో న్యూయార్క్ విందులో అవి ఒకప్పుడు తన కాళ్లకున్నవేనని సీతాదేవి బయటపెట్టడంతో డచెస్ హారాన్ని తిప్పి పంపారు. ప్రతాప్‌సింగ్ 1968లో లండన్‌లో కన్నుమూశారు. కుమారుడు శాయాజీరావు 1985లో తల్లికి ముందే మరణించాడు. ఒంటరిగా మిగిలిన సీతాదేవి 1989 ఫిబ్రవరి 15న పారిస్‌లో తుదిశ్వాస విడిచారు.

నిలిచిన వంశం

ఆమె అనంతరం బరోడా ముత్యాలూ వేలానికే వచ్చాయి. 2007లో న్యూయార్క్‌లో రెండు పేటల హారం 70 లక్షల డాలర్లకు పైగా, 2009లో దోహాలో ముత్యాల తివాచీ సుమారు 55 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి.

గుర్రాల లెక్క వేరు. శాయాజీరావు సంతానంలో గ్లాడ్‌నెస్ 1958లో యాస్కాట్ గోల్డ్ కప్ గెలిచింది. మరో సంతానమైన ఇండియానా 1964లో సెయింట్ లెజర్ నెగ్గి తండ్రి సరసన నిలిచింది. మై బాబును 1956లో అమెరికాకు తరలించారు. దాని కూతురి పేరు కేరళ. ఆ కేరళకు పుట్టిన డమాస్కస్ 1967లో ప్రీక్‌నెస్, బెల్మాంట్ పందేలు గెలిచి ఆ ఏటి మేటి గుర్రంగా నిలిచింది. మన నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో నెలోర్ పశువులు వర్ధిల్లినట్లే, సంస్థానం పోయినా బరోడా గుర్రాల నెత్తురు అమెరికాలో కొనసాగింది. వారెన్ ప్లేస్ 1952లో నోయెల్ మర్లెస్ చేతికి, ఆపై ఆయన అల్లుడు హెన్రీ సెసిల్ చేతికి వెళ్లింది. 14 పందేల్లో ఓటమి ఎరుగని ఫ్రాంకెల్ 2012 వరకు శిక్షణ పొందింది అక్కడే.