మద్రాసుకు ముగ్గు పోసిన ఫ్రాన్సిస్ డే

ఇంగ్లీషువాళ్లు వచ్చిండ్రు, రాజ్యమేలిండ్రు అని మనం చదువుతాం. వచ్చిన కొత్తలో వాళ్లు ఎక్కడ ఉన్నరు, ఏం చేసి బతికిండ్రు అన్నది పుస్తకంలో రెండు లైన్లే ఉంటుంది. ఫ్రాన్సిస్ డే కథ చదివితే అది కొంత తెలుస్తుంది.

లండన్ వర్తకుల ఈస్టిండియా కంపెనీ 1600లో పుట్టింది. 1611లో వాళ్ల ఓడ మచిలీపట్నం చేరింది. అది గోల్కొండ సుల్తానుల రేవు. మన సిద్దిపేట సీమ కూడా అప్పుడు వాళ్ల కిందిదే. ఇంగ్లీషువాళ్లు అక్కడ పెట్టుకున్న కొట్టును ఫ్యాక్టరీ అనేవారు గాని, అందులో మిషన్లు ఏమీ లేవు. సరుకు దాచే గోదాము, గుమాస్తాల బస, అంతే. వాళ్ల బతుకంతా మన బట్ట మీదనే. వర్తకులకు ముందే పైకం ఇస్తే, వాళ్లు సాలోళ్లకు బయానా ఇచ్చి నేయించేవారు. ఆ బట్టను జావా దీవిలోని బాంటంకు పంపి, బదులుగా మిరియాలు తీసుకునేవారు. మిరియాలు ఇంగ్లండుకు పోయేవి.

నేతకు కావలసిన పత్తి దక్కను లోపలి నుంచి లంబాడీల ఎడ్ల మీద తీరానికి దిగేది. మన తండాల తాతముత్తాతల ఎడ్లు నడవకపోతే మగ్గాలు ఎట్లా ఆడేవి? ఈ సంగతి మన పుస్తకంలో లేదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

డే 1632లో మచిలీపట్నం కొట్టులో పనికి కుదిరాడు. తర్వాత నెల్లూరు దిక్కున్న దుగరాజపట్నం కొట్టుకు పెద్ద అయిండు. అక్కడ మంచి బట్ట దొరకలేదు. పక్కనే పులికాట్‌లో డచ్చివాళ్ల కోట ఉండె. ఇంకో జాగా వెతుక్కుంటూ 1639లో దక్షిణానికి పోయి మద్రాసుపట్నం అనే చిన్న ఊరు చూసిండు. అక్కడ రేవు లేదు, అలలు భయంకరం. ఓడలు దూరాన ఆగితే సరుకును పడవల మీద ఒడ్డుకు చేర్చాలి. అయినా బట్ట నూటికి ఇరవై పాళ్లు చవక! డే మనసు అక్కడే నిలిచింది.

ఆ నేల దామెర్ల వెంకటాద్రి నాయకుని ఏలుబడిలో ఉండె. ఆయన మన తెలుగువాడే. 1639 ఆగస్టులో ఆయన రాసిచ్చిన కాగితం ప్రకారం ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకోవచ్చు, మొదటి రెండేండ్లు రాబడి కంపెనీదే, తర్వాత సగం నాయకునికి. నాయకునికి పర్షియా గుర్రాల మీద ఆశ ఉండె. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అయింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. నాయకుడే తన ఖర్చుతో కోట కట్టిస్తాడని డే అనుకున్నడు. 1640 ఫిబ్రవరిలో ఆండ్రూ కోగన్‌తో కలిసి, పాతికమంది సిపాయిలతో దిగినంక చూస్తే, నాయకుడు పైసా ఇయ్యలేదు. మాట అర్థం చేసుకోవడంలో తేడా వచ్చిందో, డే ఆశకొద్దీ ఎక్కువ విన్నడో! కంపెనీ కూడా ఖర్చుకు ఒప్పుకోలేదు. కోటకు తెచ్చే అప్పు మీద వడ్డీ నేనే కడతానని డే పూనుకున్నడు. ఏప్రిల్ 23, సెయింట్ జార్జి పండుగ నాటికి కొంత భాగం లేచింది. ఆ పేరే కోటకు పెట్టారు.

కోట ఉంటే సరిపోదు, నేసేవాళ్లు కావాలి. 30 ఏండ్ల దాకా తిండికి, బట్టకు సుంకం ఉండదని చాటించారు. ఏడాది తిరగకముందే మూడు నాలుగు వందల సాలె కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. బేరి తిమ్మన్న అనే వర్తకుడు కంపెనీకి ముఖ్యుడయ్యాడు.

డే 1643లో మద్రాసుకు ఏజెంటు అయ్యాడు, మరుసటి ఏడే దిగిపోయాడు. గుమాస్తాల జీతాలు చాలా తక్కువ. అందుకని చాటుగా సొంత వ్యాపారం చేసుకునేవారు. డే కూడా చేసిండు, జుర్మానా పడ్డది. 1646 నాటికి గోల్కొండ సైన్యం ఆ సీమను పట్టుకుంది. మచిలీపట్నంలో లాగానే మళ్లీ సుల్తానుకు సలాం కొట్టవలసి వచ్చింది. కోట పూర్తయ్యేసరికి 1653 అయింది. అప్పటికి డే అక్కడ లేడు.